పిట్ట వచ్చినప్పుడు పాడే పాట

షీరే నది దిగువ పల్లెల్లో ఎనిఫాను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె పిట్టక్కే. సైకిలు వెనక మైకు కట్టుకుని, నడుముకు పసుపు రంగు చితేంజే బట్ట చుట్టుకుని ఆమె మట్టిరోడ్డు మీద కనబడిందంటే, ఇంకో నాలుగు రోజుల్లో నెత్తి మీద డ్రోన్ ఎగురుతుందని ఊరంతటికీ తెలిసిపోయేది. డ్రోన్ అన్న మాట అక్కడ ఎవరి నోటా తిరగదు. పిట్ట అంటారు. పిట్ట కంటే ముందు వచ్చే ఆడమనిషి కాబట్టి పిట్టక్క.

ఆ ఉద్యోగం ఆమెకు చదువు వల్ల రాలేదు, నోటి వల్ల వచ్చింది. అంతకు ముందు ఆమె చెరకు తోట గేటు దగ్గర చేపలు వేయించి అమ్మేది. మొగుడు అదే తోటలో చెరకు కొట్టేవాడు, కామెర్లొచ్చి పోయాడు. పిల్లలు లేరు. గేటు దగ్గర నిలబడి ఆమె ఒక్క కేక వేస్తే చేను అవతల ఉన్నవాడికి కూడా ఆకలి వేసేదని చెప్పుకునేవారు.

ఆ రోజుల్లో ఒక పుకారు లేచింది. ఎవరో తిరుగుతున్నారని, మిషను పెట్టి మనుషుల రక్తం పీల్చుకుపోతున్నారని. చూసినవాడు లేడు, నమ్మనివాడూ లేడు. పల్లె పల్లెకీ మగవాళ్ళు కర్రలు పట్టుకుని కాపలా కాశారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళను కొట్టి చంపారు కూడా. దోమల మందు కొట్టడానికి వచ్చిన ఒక కుర్రవాణ్ణి ఎనిఫా పొయ్యి ముందే చుట్టుముట్టారు. వాడు భుజాన మోస్తున్న మందు డబ్బా, దాని గొట్టం చాలు, వాడి ప్రాణం తీయడానికి. ఎనిఫా చేతిలో గరిటెతో లేచి మధ్యలో నిలబడింది.

"వీడు రక్తం తాగేవాడే అయితే ఇంత బక్కగా ఎందుకున్నాడయ్యా? మీ రక్తంలో ఏమీ బలం లేదన్నమాట. కొట్టే ముందు ఆ సంగతి ఒప్పుకోండి" అంది.

ఎవడో ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. నవ్విన గుంపుకి కర్ర ఎత్తడం చేతకాదు. ఆ కుర్రవాడు బతికి బయటపడి, ఆ మాట పదిమందికీ చెప్పాడు. అది చేరి చేరి, వరదల ముందు డ్రోన్లు ఎగరేసి పల్లెల పటాలు తీయాలనుకుంటున్న ఒక సహాయ సంస్థ చెవిలో పడింది. పైన ఎగిరే మిషను, కింద కర్రలు పట్టుకున్న జనం. రెంటికీ మధ్య ఇలాంటి నోరొకటి కావాలని వాళ్ళకు తోచింది.

డ్రోన్ నడిపేవాడు వొంగానీ. ఉత్తరాన కొండల్లో పుట్టినవాడు, వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. దిగువ ఎండకు రోజూ తల పట్టుకునేవాడు. మొదటి వారమే అతనికి ఒక చిక్కు వచ్చింది. పిట్ట లేచిందంటే ఊరు ఊరంతా బయటికొచ్చి దాని వెనక పరిగెత్తేది. ఫొటోల నిండా తలకాయలే. ఇళ్ళ కప్పులు, బాటలు, మిట్ట ఎక్కడ, పల్లం ఎక్కడ అన్నది కనబడాలి. పైగా అడగకుండా మనుషుల ఫొటోలు తీయకూడదని సంస్థ వాళ్ళు గట్టిగా పట్టుబట్టేవారు. బీదవాళ్ళయినా వాళ్ళ మొహం వాళ్ళదే కదా అనేవారు. మంచి నియమమే, ఎవరు కాదంటారు.

"ఎనిఫక్కా, నాకు నేల కావాలి, జనం వద్దు. పిట్ట ఎగిరినంత సేపూ జనాన్ని కాస్త దాచిపెట్టాలి" అన్నాడు వొంగానీ.

"దాచాలా? మా మొహాలు అంత బాగాలేవా తమ్ముడూ, మీ కొండవాళ్ళ కంటికి?"

"నన్ను తిట్టుకో అక్కా, కానీ దాచు."

ఆ పల్లెల్లో ఏ మాటైనా పాటగా వస్తేనే లోపలికి పోతుంది. టీకాలు పాటగానే వచ్చాయి, దోమతెరలు పాటగానే వచ్చాయి, చేతులు కడుక్కోవడమూ అంతే. ఆడవాళ్ళు వలయంగా నిలబడి చప్పట్లు కొడతారు, ఒకతె ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ఎనిఫా సైకిలు తొక్కుతూ తొక్కుతూ ఒక పాట కట్టింది.

పిట్టొచ్చె, పైకొచ్చె, ఏం చేద్దమే?
చెట్టు కిందికి పోయి కూచుందమే.
బిడ్డ ఏదే, మేక ఏదే?
బిడ్డ ఒళ్ళో ఉందే, మేక రాటకుందే.
నేల చూసే పిట్ట, చూసి పోనీవే.

పాట నిప్పులా అంటుకుంది. పిల్లలు ఆటల్లో పాడారు, ఆడవాళ్ళు మొక్కజొన్న దంచుతూ పాడారు. పిట్ట చప్పుడు వినబడగానే ఊళ్ళకు ఊళ్ళు చెట్ల కిందికి సర్దుకునేవి. పిట్ట వెళ్ళిన కాసేపటికి సంస్థ వాళ్ళ కారు వచ్చేది. అందరికీ దండం పెట్టి ఇంటికొక సబ్బు ఇచ్చి పోయేవారు. ముందు పిట్ట, మనం దాక్కోవడం, ఆ తర్వాత కారు. ఈ వరస ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఊళ్ళు వాటంతట అవే నేర్చుకున్నాయి.

అందరిలోకీ బాగా నేర్చుకున్నది మ్వాలీజా. అది ఎనిఫా పుట్టిన ఊరు, వాగు అవతల, నదికి మరీ దగ్గర. తల్లి పోయాక ఎనిఫాను పెంచిన అక్క లిగినెటి అక్కడే ఉంటుంది, కొడుకూ కోడలూ మనవలతో. లిగినెటి గొంతు చెల్లెలి గొంతుకు అక్కలాంటిది. చెల్లెలు కట్టిన పాటను మ్వాలీజాలో ఎత్తుకునేది ఆమే. ఆ ఊరి మీద పిట్ట ఎగిరిన రోజు వొంగానీ పిట్ట చూసేది చూపించే తెర చూసి నోరు తెరిచాడు.

"మీ ఊళ్ళో మనుషులున్నారా అక్కా అసలు? కోడి కూడా కనబడటం లేదు."

ఎనిఫా ఆ మాట మోసుకెళ్ళి అక్కకు చెప్పింది. లిగినెటి చేతిలో పిండి దులుపుకుంటూ, "నా చెల్లెలు కట్టిన పాటని తప్పు పాడతామేమిటే. రంకెలేసే ఆ చిన్న మేక ఉంది చూడు, దాని మూతి కూడా నేనే పట్టుకుని కూర్చున్నా" అంది. మొదటి జీతంతో ఎనిఫా కొనిచ్చిన చేపల బొమ్మల చితేంజే ఆమె నడుముకు ఉంది. ఇద్దరూ మామిడి చెట్ల గుట్ట మీద కూర్చుని ఎండుచేపల పులుసుతో న్సీమా, మొక్కజొన్న సంకటి, తిన్నారు. ఎనిఫా బతుకులో అంత గర్వంగా తిన్న ముద్ద ఇంకొకటి లేదు.

పటాలు పూర్తయ్యాయి. ఇక రెండో పాఠం మొదలైంది. వరద వస్తే పిట్ట మళ్ళీ వస్తుంది, అప్పుడు వచ్చేది నేల కోసం కాదు, మనుషుల కోసం. అప్పుడు దాక్కోకూడదు. బయటికి రావాలి, బట్ట ఊపాలి. దానికీ ఎనిఫా పాట కట్టింది. నీళ్ళొచ్చె, పిట్టొచ్చె, ఏం చేద్దమే? బయటికొచ్చి బట్ట ఊపుదమే. ఊరూరా తిరిగి నేర్పింది. ఒక పాట ఉన్న చోట దానికి ఎదురు పాట నిలబెట్టడం తేలిక కాదు, అయినా నేర్పింది.

మ్వాలీజాను చివరికి ఉంచింది. పరాయి ఊళ్ళను బతిమాలుకోవాలి, పెద్దను చూడాలి, రోజు అడగాలి. మనవాళ్ళకైతే ఎప్పుడు చెప్పినా చెల్లుతుంది కదా అనుకుంది. లిగినెటి సంతకు వచ్చేవాళ్ళతో కబురు పెట్టింది: "కొత్త పాట కట్టావట, అందరికీ నేర్పావట. సొంత అక్క ఆఖరిదా?" ఎనిఫా నవ్వి, వచ్చే వారం వస్తానంది. ఆ వారం ఒక చావు వచ్చింది. తర్వాత వాగు మీద వంతెన కొట్టుకుపోయింది. ఆ తర్వాత వాన.

సముద్రం మీది నుంచి వచ్చిన తుపాను పోయినట్టే పోయి మళ్ళీ తిరిగొచ్చింది. ఎగువ కొండల్లో కురిసిందంతా షీరేలోకి దిగింది. నది గట్టు దాటడం ఎనిఫా చిన్నప్పటి నుంచీ చూసిందే, కానీ ఈసారి గట్టు ఏదో నది ఏదో తెలియలేదు. మిట్ట మీది బడిలోకి జనం వచ్చి చేరుతూనే ఉన్నారు, తడిసిన చాపలతో, కుండలతో, కోళ్ళతో. పడవలు రెండే. పిట్ట చూపిన చోటికి పడవ పోవాలి. ఎనిఫా, వొంగానీ బడి వరండాలో తెర ముందు కూర్చున్నారు. అతనికి ఊళ్ళ పేర్లు తెలియవు. ఆమెకు తెలుసు, అందుకని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

పొద్దున వాన కాస్త తెరిపి ఇవ్వగానే పిట్ట లేచింది. తెర మీద అంతా టీ రంగు నీళ్ళు. థెంజే అనే ఊరి మీదికి పోయేసరికి చర్చి కప్పు మీద జనం కనబడ్డారు. ఎర్రవీ, నీలివీ, ఆకుపచ్చవీ, అన్నీ ఊగుతున్న బట్టలు.

"చూశావా తమ్ముడూ, నా పాట" అంది ఎనిఫా. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత పిట్ట వాగు దాటింది. మ్వాలీజా ఇళ్ళు లేవు. మట్టి గోడలు కరిగి కప్పులు నీళ్ళ మీద కూర్చున్నాయి. మామిడి గుట్ట మాత్రం మిగిలి ఉంది, వానకు నల్లగా దట్టంగా ముసిరిన ఆకులతో. వొంగానీ పిట్టను గుట్ట చుట్టూ తిప్పాడు. ఖాళీ నేల మీద ఒక్క మనిషి లేడు. ఒక్క బట్ట ఊగలేదు.

"మీ ఊరే కదా అక్కా. ఎవరైనా ఉన్నారంటావా? ఉన్న పడవ ఒకటే ఇప్పుడు. రెండోది ఇంకా తిరిగి రాలేదు."

ఎనిఫా చూసింది. ఆమెకు భయం వేయలేదు, అదే ఆమె తర్వాత ఎప్పటికీ క్షమించుకోలేకపోయింది. ఖాళీ గుట్టను చూడగానే గుండె తేలికపడింది. అక్క తెలివైంది, నీళ్ళ వాసన తగలగానే అందరినీ రోడ్డు వైపు నడిపించి ఉంటుంది. ఉంటే కనబడరా. బతకాలనుకునే మనిషి కనబడకుండా ఎందుకుంటాడు.

"లేరు. వెళ్ళిపోయుంటారు. థెంజేకి పంపు" అంది.

పడవ థెంజేకి పోయింది. చర్చి కప్పు మీది వాళ్ళందరినీ తెచ్చింది. అది తప్పని ఎవరూ అనలేరు.

ఆ రోజంతా ఎనిఫా బడిలోకి వచ్చే ప్రతి గుంపులో అక్క కోసం వెతికింది. రోడ్డున పోయినవాళ్ళు వేరే శిబిరానికి చేరి ఉంటారని సర్దిచెప్పుకుంది. ఎగువన మళ్ళీ కురిసింది, నీళ్ళు ఇంకా లేచాయి. మర్నాడు పొద్దున గంజి పంచుతుంటే వరసలో ఒక తెలిసిన మొహం కనబడింది. మ్వాలీజాలో అక్క పక్కింటి కోడలు ఫాలెసి, చంకలో పిల్ల, చేతిలో కోడిపెట్ట. ఎనిఫా గరిటె పక్కన పడేసి పరిగెత్తింది.

"వచ్చారా. మిగతావాళ్ళేరే? అక్కేది?"

ఫాలెసి తెల్లబోయింది. "నేనొక్కదాన్నే పిట్టక్కా. పిల్లకి జ్వరమని వానకి ముందే ఆస్పత్రికి వచ్చేశా. వాళ్ళు ఊళ్ళోనే ఉన్నారుగా. గుట్ట ఉంది కదా మనకి, గుట్ట ఎక్కుతామన్నారు. నువ్వు చూడలేదా?"

"గుట్ట మీద ఎవరూ లేరే. పిట్ట చూసింది, నేనూ చూశా."

అప్పుడే మైదానంలో పిట్ట లేచింది. దాని రొద వినగానే ఫాలెసి మాట మధ్యలో ఆపేసింది. పిల్లను ఒళ్ళోకి లాక్కుంది, కోడిని చంకలో నొక్కింది, నాలుగడుగులు వేసి వేపచెట్టు కింద మొదలుకు ఆనుకుని ఒద్దికగా కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. చెట్టు కిందికి పోయి కూచుందమే.

చుట్టూ థెంజే వాళ్ళు అలవాటుగా బట్టలు ఊపుతున్నారు. ఆ గోలలో ఫాలెసి ఒక్కతే కదలకుండా కూర్చుని, పిట్ట పోయేదాకా పిల్ల తలను కొంగుతో కప్పి ఉంచింది. ఎనిఫా ఆమెను చూస్తూ నిలబడింది.

ఆమె పరిగెత్తి వొంగానీ చొక్కా పట్టుకుంది. "చెట్ల కింద ఉన్నారు. అందరూ ఆ చెట్ల కిందే ఉన్నారు. నేనే కూర్చోబెట్టా."

వొంగానీకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అతను పడవ వాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు. పటాల కోసం జనాన్ని దాచమన్నది తానేనని అతనికీ గుర్తొచ్చింది.

ఎనిఫాను కూడా ఎక్కించుకుని పడవ మ్వాలీజా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గుట్ట లేదు. నీళ్ళ మీద మామిడి చెట్ల తలలు మాత్రం ఉన్నాయి. పడవవాళ్ళు మొసళ్ళు దగ్గరికి రాకుండా తెడ్లతో నీళ్ళు కొడుతూ ఒక్కో చెట్టు దగ్గరికీ పోయారు. మొదటి చెట్టు మీద ఎవరూ లేరు. రెండో దాని మీద ఒక మనిషీ, అతని భుజాల మీద ఇద్దరు పిల్లలూ ఉన్నారు. ఆఖరి చెట్టు పై కొమ్మకు ఊళ్ళోని ముసలి అవ్వ ఎలూబే ఉంది, చేపల బొమ్మల చితేంజేతో కొమ్మకు కట్టేసి. ఆ బట్టను ఎనిఫా దూరం నుంచే గుర్తుపట్టింది. లిగినెటి ముడులు ఎప్పుడూ అంతే, రెండు మెలికలు. తడిసి బిగిసిన ఆ ముడి ఎనిఫా ఎంత లాగినా ఊడలేదు, పడవవాడు కత్తితో కోశాడు.

"అక్కేది అవ్వా?" అని అడిగింది, తెలిసి కూడా.

"నన్ను కట్టేసి కిందికి దిగింది. మనవడు జారితే వాడి కోసం దిగింది. మళ్ళీ ఎక్కలేదు" అంది అవ్వ. నీళ్ళు తాగించారు, గోనెపట్టా కప్పారు. పడవ వెనక్కి తిరిగింది. పిల్లలు వణుకుతున్నారు. అవ్వకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది, ఆమెకు చెప్పాలని ఉంది.

"నిన్న పొద్దున పిట్ట వచ్చిందే. కుర్రాళ్ళు బయటికి ఉరుకుదామన్నారు, చేతులూపుదామన్నారు. మీ అక్క ఊరుకుంటుందా? ఎదురుగా వెళ్ళి నిలబడింది. నా చెల్లెలు ఏం చెప్పింది, మీరేం చేస్తున్నారు అని తిట్టింది. పిట్ట ముందు నేల చూసుకుంటుంది, చూసుకున్నాకే మనుషులొస్తారు, మొన్న అట్లాగే వచ్చారు కదా, తొందరపడి పాడు చేస్తే అది మళ్ళీ రాదు అంది. ఊరి పెద్దాయన కూడా అదే అన్నాడు. అందరం మొదలు చుట్టూ ముడుచుక్కూర్చున్నాం. పిల్లలు ఏడవకుండా మీ అక్క మెల్లిగా పాట ఎత్తుకుంది. మేమందరం అందుకున్నాం. పిట్ట మా నెత్తి మీద అట్లా తిరిగీ తిరిగీ వెళ్ళిపోయింది."

ఎనిఫా పడవ అంచు పట్టుకుని కూర్చుంది. ఆమె ఆ చప్పుడు లేని తెరను చూస్తూ "లేరు" అన్నప్పుడు, ఆ ఆకుల కింద అక్క ఆ పాటే పాడుతోంది.

"తర్వాత మీ అక్క రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. ఇక వస్తారు, మా చెల్లెలే ముందు దిగుతుంది చూడండి అంటూనే ఉంది. సాయంత్రం దాకా అంటూనే ఉంది. నీళ్ళు మోకాళ్ళ మీదికి వచ్చాక చెట్టెక్కాం."

అవ్వ తడిసిన తన చేతిని ఎనిఫా మోకాలి మీద వేసింది. ముసలి కళ్ళలో నింద లేదు, అనుమానం లేదు. పాఠం అప్పజెప్పి పంతులమ్మ మొహం చూసే పిల్లలాగా ఉంది.

"ఇంత ఆలస్యం ఎందుకయిందో మాకు తెలీదులే. మేం తప్పేమీ చెయ్యలేదు తల్లీ, ఆ ఒక్కటి చెప్పు. బాగానే దాక్కున్నాం కదా? మాలో ఎవరైనా కనబడ్డారా?"

పడవవాడు తెడ్డు ఆపి ఎనిఫా వైపు చూశాడు.

"లేదవ్వా, ఒక్కరు కూడా కనబడలేదు" అంది ఎనిఫా.

అవ్వ తృప్తిగా తలూపి, గోనెపట్టా మెడ దాకా లాక్కుని కళ్ళు మూసుకుంది.